గుట్ట మింగిన నీళ్లు

మా తుకుం వీధిలో పక్కింటివాళ్లు బోరు వేయిస్తున్నారు. పొద్దున్నుంచీ ఆ యంత్రం మోతకు ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. మధ్యాహ్నం దాకా గొట్టం చుట్టూ బూడిదరంగు బురద చిమ్మింది. తర్వాత ఉన్నట్టుండి అది ఎర్రబడింది. ఇటుకపొడి కలిపినట్టున్న ఆ బురద మా గేటు కిందుగా లోపలికి పారుతుంటే, కడగడానికి బకెట్టుతో వెళ్లినదాన్ని అక్కడే నిలబడిపోయాను. ఎర్రమట్టి వచ్చింది, ఇక ఆపెయ్యండి అని వాళ్లకు చెప్పాలనిపించింది. ఇక్కడి నేల వేరు, మా మామ బావి తవ్విన గుట్ట వేరు. ఆ సంగతి తెలిసి కూడా, ఆయన గుర్తుకొచ్చాక ఆ రోజు నాకు మరో పని సాగలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పద్మాపూర్ వైపు ఒక బొగ్గుగనిలో పంపు ఖలాసీ. గనిలో ఊరే నీటిని పంపులతో తోడించి బయట పారబోయించడం ఆయన పని. బొగ్గు కోసం మనుషులు ఎంత లోతుకు పోతే నీళ్లు అంత ఎక్కువగా తరుముకొస్తాయట. పంపు ఆగితే గని ఆగినట్టే. అలా వయసంతా భూమిలోంచి నీళ్లు తీసి పారేస్తూనే గడిపాడు. అందుకేనేమో, ఇంట్లో మాత్రం గ్లాసు అడుగున గుక్కెడు నీళ్లు మిగిల్చినా ఊరుకునేవాడు కాదు. పిల్లలం వదిలేసిన ఎంగిలి నీళ్లు తీసుకెళ్లి వాకిట్లో మందారం మొదట్లో పోసి వచ్చేవాడు.

మా ఇంటికి వస్తే ముందు మంచినీళ్లు అడిగేవాడు. ఇచ్చిన నీళ్లు వెంటనే తాగేవాడు కాదు. ఒక గుక్క నోట్లో పట్టి, కళ్లు మూసుకుని, కూరలో ఉప్పు చూసినట్టు చూసేవాడు. ఇవి ఇసుక నీళ్లు, ఇవి బండల నీళ్లు, ఇవి బొగ్గును తాకి వచ్చిన నీళ్లు అని తేల్చేవాడు. ఒకసారి మా అమ్మ ఒకే నల్లా నీళ్లు రెండు గ్లాసుల్లో పట్టి ఇస్తే రెంటికీ రెండు పేర్లు చెప్పాడు. అమ్మ పడీ పడీ నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాతి సారి వచ్చినప్పుడు మళ్లీ అలాగే కళ్లు మూసుకుని రుచి చూశాడు.

ఎక్కడ కూచున్నా అరచెయ్యి నేలకు ఆనించి కూచోవడం ఆయన అలవాటు. గనిలో అలా చెయ్యి పెడితే దూరాన పంపు నడుస్తోందో లేదో తెలిసేదట. మా ఇంట్లో చాప మీద కూచున్నా, పెళ్లిళ్లలో బంతిలో కూచున్నా ఎడమ చెయ్యి నేల మీదే ఉండేది. ఆయనకొక మాట ఉండేది. బొగ్గంతా ఒకప్పటి అడవేనని గనిలో ఎవరో ఇంజనీరు చెప్పాడు. జివతి గుట్టల్లో సిమెంటుకు తవ్వే తెల్లరాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదని ఇంకెవరో చెప్పారు. ఈ రెండూ కలిపి, కొత్తవాళ్లు కనపడితే చాలు, చెప్పేవాడు: "అడివేమో కిందికి పోయింది. సముద్రమేమో గుట్టెక్కింది. మనమే నడుమ నిలబడ్డం."

గనుల్లోకి పెద్ద పెద్ద యంత్రాలు, వాటి వెంట కాంట్రాక్టు మనుషులు వస్తున్న కాలం అది. ముందుగా నౌకరి వదులుకుంటామన్న వాళ్లకు ఎంతో కొంత చేతిలో పెట్టి పంపుతున్నారు. మామకు అప్పటికే ఆయాసం పట్టుకుంది. మాట్లాడుతుంటే మాటకీ మాటకీ మధ్య ఛాతీలోంచి సన్నగా ఈల వినపడేది. ఆయన కూడా వదిలేశాడు. తోటివాళ్లలాగే తుకుంలో చిన్న ఇల్లు కట్టుకుని, కలర్ టీవీ కొనుక్కుని కూచుంటాడని అనుకున్నాం. ఆయన మాత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్లి జివతికి అవతల గుట్ట మీద చెలక భూమి కొనుక్కొచ్చాడు.

జివతి దాకా బస్సు పోతుంది. అక్కణ్నుంచి ఎడ్లబండి బాట, ఆ తర్వాత కాలిబాట. టేకుచెట్ల మధ్య కొంత దూరం నడిచాక ఒర్రె, అంటే చిన్న వాగు, వస్తుంది, ఒర్రె దాటితే ఎక్కుడు. కింద పాదం దగ్గర తెల్లరాయి, వాన నీళ్లు తిని తిని బొక్కలు పడిన రాయి. దాని మీద సన్నగా ఎర్రమట్టి పొర. ఆ పైనంతా నల్లబండ. ఎప్పుడో భూమిలోంచి పొంగిన నిప్పు పొరలు పొరలుగా చల్లారి గడ్డకట్టిందట. అందుకే ఆ గుట్ట దూరం నుంచి చూస్తే ఎవరో పెద్ద పెద్ద మెట్లు చెక్కినట్టు ఉంటుంది. చివరి మెట్టు ఎక్కితే అంతా చదును. చదును మధ్యలో ఎద్దు మూపురంలా ఒక నల్లటి శిఖరం. ఆ మూపురం కింద పదీ పదిహేను గుడిసెలు. అటు రాష్ట్రం వాళ్లూ ఇటు రాష్ట్రం వాళ్లూ మాదంటే మాదనే ఊరు అది. ఓట్లప్పుడు రెండు వైపుల నుంచీ జీపులు జివతి దాకా వచ్చేవి. నీళ్లకు మాత్రం ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని ఒర్రె దాకా దిగి ఎక్కాల్సిందే. అక్కడ కురిసిన వాన నల్లబండ మీద నిలవదు, జారిపోతుంది.

అటువంటి చోటికి ఎందుకు మామా అని మేమంతా అడిగాం. అమ్మ ఏడ్చింది. "ఇన్నేండ్లు కింద ఉన్న గద అక్కా, ఇగ జర మీద ఉంట" అన్నాడు.

మా అత్త రానంది. వాళ్లకు పిల్లలు లేరు. క్వార్టర్‌లో నల్లా తిప్పితే నీళ్లు వచ్చే బతుకు బతికి, ఈ వయసులో బిందె ఎత్తుకుని ఒర్రెలు దిగలేనంది. ఆమె మోకాళ్లు అప్పటికే బాగా లేవు. మా ఇంటి వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఉండిపోయింది. పోట్లాట ఏమీ జరగలేదు. ఆమె జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది, ఆయన తీసుకుని బస్సెక్కాడు. అప్పుడప్పుడు వచ్చి ఒకటి రెండు రోజులు ఉండి వెళ్లేవాడు. వచ్చినప్పుడల్లా ఆమె, నీళ్ల సంగతేమైంది అని అడిగేది, ఎగతాళిగా.

ఆయన బావి మొదలుపెట్టాడు.

ఊళ్లో వాళ్లను ఇద్దరు ముగ్గుర్ని కూలికి పెట్టుకుని, వాళ్లతో పాటు తనూ దిగి, నల్లబండ పగలగొట్టించాడు. తవ్వింది ఒక ఎండాకాలం కాదు. మధ్యలో సిమెంటు కంపెనీ కోసం తెల్లరాయి సర్వేకు వచ్చిన ఒక మరాఠీ భూగర్భ ఇంజనీరు వీళ్ల ఊళ్లో గుడారం వేసుకుని కొన్నాళ్లు ఉన్నాడట. మంచివాడు. మామ తవ్విస్తున్న బావిలోకి దిగి చూసి, నల్లబండ అడుగున నీళ్లు దొరుకుతాయి, కానీ ఎర్రమట్టి తగలగానే ఆపెయ్యండి, అది పళ్లెం లాంటిది, దాని కింది తెల్లరాయి జల్లెడ లాంటిది అని చెప్పి వెళ్లాడు. ఆయన చెప్పినట్టే ఎర్రమట్టి మీద నీళ్లు పడ్డాయి.

ఆ వార్త తెలిసి బడికి సెలవు పెట్టి వెళ్లాను. నేను అప్పుడే తుకుంలో ఒక మరాఠీ బడిలో టీచరుగా చేరాను. మామ నన్ను బావి గట్టు మీద కూచోబెట్టి, నల్లబండలో నిలువుగా ఉన్న సన్నని పగుళ్లు చూపించాడు. వాన నీళ్లు ఆ పగుళ్లలోంచి చుక్క చుక్కగా దిగి, దిగువన ఎర్రమట్టి మీద ఆగుతాయన్నాడు. చెంబుతో తోడి ఇచ్చి, నేను గుక్క మింగే దాకా నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎట్లున్నయి అని అడిగాడు. నాకు నీళ్ల రుచులు తెలియవు. చల్లగా ఉన్నాయి మామా అన్నాను. ఆ మాటకే ఆయన మొహం వెలిగిపోయింది. ఊరి ఆడవాళ్లు గిలక మీద చేదలు దించుతూ ఆయన్ని ఖలాసీ అని పిలుస్తుంటే, గనిలో ఎవరూ ఆ మాటను అంత ముద్దుగా పలికి ఉండరనిపించింది. ఇంటికొచ్చి అత్తతో చెప్పాను. ఆమె చాలాసేపు బియ్యం ఏరుతూనే ఉంది. తర్వాత, ఉప్పగున్నయా తియ్యగున్నయా అని అడిగింది.

ఆ బావి ఊరిని మార్చేసింది. ఒర్రె బాటలో గడ్డి మొలిచింది. గుడిసెల ముందు మిరప, టమాట మొక్కలు కనిపించాయి. లచ్చవ్వ అని ఒక ముసలామె ఉండేది. ఊళ్లో అందరికంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. వాకిట్లో బంతిపూలు పెట్టుకుంది. తన జన్మలో పూలకు నీళ్లు పోస్తానని అనుకోలేదని నాతోనే చెప్పింది.

తర్వాత ఒక ఏడు వానలు సరిగా పడలేదు. ఆ మరుసటి ఏడు మరీ తక్కువ. ఎండలు ముదిరేసరికి బావిలో పాదం మునిగేంత నీళ్లు మిగిలాయి. చేద దించితే సగం బురద. ఆడవాళ్లు తెల్లారక ముందే వచ్చి వరస కట్టేవాళ్లు. ఇంకొంచెం లోతు చేద్దామని ఊళ్లో వాళ్లు అన్నారు. మామ ఒప్పుకోలేదు. ఎర్రమట్టి ముట్టుకోవద్దన్న మాట ఆయనకు గుర్తుంది. కానీ రోజూ ఆ ఖాళీ బిందెల వైపు చూస్తూ కూచోవడం ఆయన వల్ల కాలేదు. పైగా ఆయన ఒళ్లంతా నమ్మిన సంగతి మరొకటి ఉంది. గనిలో ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు వచ్చేవి. తన నౌకరి అంతా ఆ ఒక్క సంగతి మీదే నడిచింది. ఇంజనీరు చెప్పింది విన్నమాట, ఇది చూసిన సంగతి. మూరెడు లోతు చేస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. ఒక పొద్దున గడ్డపార తీసుకుని ఒక్కడే దిగాడు.

ఏం జరిగిందో ఆ తర్వాత ఆయనే నాకు చెప్పాడు. బావి గట్టు మీద కూచుని, చెయ్యి నేల మీద ఆనించి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"గడ్డపార మెత్తగ దిగింది బిడ్డా. వెన్నల దిగినట్టు దిగింది. మంచిగనే ఉన్నదనుకొని గుంజిన. గుంజినంక కాళ్ల కాడ నీళ్లు తిరుగుడు షురూ అయింది. బర్రె నీళ్లు తాగినట్టు సప్పుడు. అంగి ఇప్పి కుక్కిన. ధోతి ఇప్పి కుక్కిన. మట్టి తోసిన. ఇగ ఏం లేక దాని మీదనే కూసున్న. నా కిందికెల్లే పోయినయి."

పైన చేదలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లకు ఆ చప్పుడు వినపడిందట. ఎవరో ఒకామె తన మగని ధోతి తెచ్చి పైనుంచి వేసింది. అది కట్టుకుని ఆయన మోకు పట్టుకుని పైకొచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఖాళీ బిందెలు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే ఒర్రె బాటలో మొలిచిన ముళ్లకంప కొట్టడం మొదలుపెట్టారు.

లచ్చవ్వ ఒక్కతే మర్నాడు ఆయన గుడిసె ముందుకొచ్చి నిలబడింది. "ఒర్రె తొవ్వ మేం మర్చిపోయినం. మా కాళ్లు మర్చిపోయినయి. నువ్వే మరిపిచ్చినవ్. ఇప్పుడు నేనేం జెయ్యాలె చెప్పు" అంది. ఇంకా చాలా తిట్టిందట. మిగతావాళ్ల మౌనం కంటే ఆ తిట్లే తనకు నయమనిపించాయని మామ అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె బిందె ఆయనే భుజానికెత్తుకుని ఒర్రె నుంచి తెచ్చి ఇచ్చేవాడు. ఎక్కుడులో ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఆ ఈల ఊరందరికీ వినపడేది.

సంగతి మాకు చేరిన రోజున అత్త కూరలు తరుగుతోంది. కత్తిపీట పక్కన పెట్టేసి లేచింది. మర్నాడు చీరలు రెండు, తన స్టీలు బిందె ఒకటి తీసుకుని జివతి బస్సెక్కింది. నేను తోడు వస్తానన్నా వద్దంది. ఆ మోకాళ్లతో ఆ ఎక్కుడు ఎలా ఎక్కిందో ఎవరికీ చెప్పలేదు. మళ్లీ తుకుం గదిలోకి ఆమె తిరిగి రాలేదు.

బావిని బాగుచెయ్యాలని మామ చేయనిది లేదు. సిమెంటు పోయించాడు, బంకమట్టి తొక్కించాడు. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలిచేవి, రెండు మూడు రోజుల్లో ఇంకిపోయేవి. పగులు ఎటు నుంచి ఎటు పాకిందో ఎవరికి తెలుసు? ఆ ఇంజనీరు మరోసారి అటు వచ్చినప్పుడు బావిలోకి దిగి అడుగున చెయ్యి పెట్టి చూశాడట. తప్పు పట్టలేదు. ఆ నీళ్లు ఎక్కడికీ పోవు, తెల్లరాయి బొక్కల్లోంచి ఎక్కడో దిగువన బయటికొస్తాయి, కొన్నిచోట్ల నీళ్లలో రంగు కలిపి ఎక్కడ తేలుతుందో చూస్తారు అని మాటవరసకు చెప్పాడు. ఊరడించడానికే చెప్పి ఉంటాడు. మామ దాన్ని పట్టుకున్నాడు.

జివతిలో హోళీకి అమ్మగా మిగిలిన ఎర్రరంగు పొట్లాలు కొనుక్కొచ్చాడు. వానలు పడి బావిలోకి నీళ్లు దిగుతున్నప్పుడు ఆ రంగు కలిపి పోసి, గొడుగు పట్టుకుని గుట్ట చుట్టూ తిరగడానికి బయల్దేరాడు. ఏ వాగు కనపడినా వంగి చూసేవాడు. తెల్లరాయి బొక్కలకు చెవి ఆనించి వినేవాడు. దిగువ ఊళ్లలో బావుల దగ్గర మరాఠీ ఆడవాళ్లను "పాణీ లాల్ ఆలం కా?" అని అడిగేవాడు, నీళ్లు ఎర్రగా వచ్చాయా అని. వాళ్లు మొదట భయపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు, ఆ తర్వాత జాలిపడి కూచోబెట్టి టీ ఇచ్చేవాళ్లు. నీళ్లు ఎర్రగా ఎక్కడా రాలేదు. ఒక వానాకాలం గడిచింది, రెండోదీ వచ్చింది. తడిసి తడిసి దగ్గు ముదిరింది. అత్త వద్దని బతిమాలింది, అలిగింది, ఒకరోజు గొడుగు దాచేసింది. గొడుగు లేకుండానే వెళ్లాడు.

ఆ శ్రావణంలో ఒకరోజు మా వీధి చివరి దుకాణానికి ఫోను వచ్చింది. జివతి నుంచి అత్త. నీళ్లు దొరికాయి, మీ మామ చూశాడు, నువ్వొకసారి రా అంది. ఆమె గొంతులో అంత సంతోషం నేను ఎన్నడూ వినలేదు. ఆదివారం వెళ్లాను. అత్త పప్పు చారు, రొట్టెలు చేసి పెట్టి, పశువుల కాపరులు చెబితే తనే మామను ఆ ఊట దగ్గరికి తీసుకెళ్లానని, రంగు తేలిన నీళ్లు కళ్లారా చూశారని, అప్పటి నుంచీ ఆయన వాగుల వెంట తిరగడం మానేశాడని చెప్పింది. ఊళ్లోవాళ్లందరికీ అప్పటికే తెలుసు. ఆ నీళ్లు మనవేనని మామ ఇంటింటికీ వెళ్లి చెప్పాడట.

తిన్నాక మామ నన్ను ఊట చూడ్డానికి రమ్మన్నాడు. మెల్లగా దిగాం. గుట్ట పాదం దగ్గర తెల్లరాయి కిందినుంచి వేలెడంత ధార వచ్చి చిన్న మడుగు కట్టి ఉంది. నీళ్లు తేటగా ఉన్నాయి. మామ రాయి మీద కూచుని దగ్గు తగ్గే దాకా ఆగాడు.

"నేను పోసింది ఎర్రది బిడ్డా" అన్నాడు. "గీ మడుగుల తేలింది పచ్చది. వేపాకు నూరినట్టు పచ్చగున్నది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"దుకాణంల ఎర్రది అయిపోయినట్టున్నది. రొట్టె పెడుతుంటే చూసిన. గోర్ల సందుల గదే పచ్చరంగు." మడుగులో వేలు పెట్టి కదిలించాడు. "ఆ మోకాళ్లతోని గిక్కడి దాక ఒక్కతే దిగి ఎక్కింది, నన్ను ఆపుదామని. నీళ్లు మనయే అని రెండు దోసిళ్లు తాగిన ఆమె ముంగట. నువ్వు చెప్పకు. గప్పటి సంది మంచిగ నిద్రపోతుంది."

మళ్లీ పైకి ఎక్కుతుంటే ఆయన మూడుసార్లు కూలబడ్డాడు. చెయ్యి పట్టుకోనియ్యలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం, ఎండలు మండుతున్న రోజుల్లో మామ పోయాడు. నేను చేరేసరికి గుడిసె ముందు వేపకొమ్మల పందిరి కింద పడుకోబెట్టి ఉన్నారు. స్నానం చేయించాలి. అత్త స్టీలు బిందెలో అడుగున కొంచెం నీళ్లున్నాయి. గుట్ట కింది ఊటతో పాటు ఒర్రెలో గుంటలు కూడా ఎండిపోయి, ఊరంతా ఇసుకలో చెలిమలు తీసి గరిటెలతో తోడుకుంటున్న రోజులవి. ఏం చెయ్యాలో తోచక నేను బిందె తీసుకుని బయల్దేరబోయాను. ఎవరో నన్ను ఆపారు.

మొదట లచ్చవ్వ వచ్చింది, కర్ర పట్టుకుని, చంకలో ఇత్తడి చెంబుతో. వెనకాల మిగతావాళ్లు. ఇంటికొక బిందె, ఇంటికొక బకెట్టు. ఆ పూట వండుకోవడానికి, తాగడానికి దాచుకున్న నీళ్లు. కొన్నింటిలో అడుగున ఒండ్రు ఉంది. గుడ్డతో వడగట్టి పోశారు. లచ్చవ్వ ఆయన తల మీద తన చెంబు వంచి, నీళ్లు కింద పడకుండా ఎడమ అరచేత్తో ఆయన నుదురు అంతా తడిపింది. చుట్టూ తడిసిన నల్లమట్టి ఆ ఎండకు క్షణాల్లో ఆరిపోయింది.

అంతా అయిపోయి అందరూ వెళ్లాక అత్తా నేనూ గోడకు ఆనుకుని కూచున్నాం. ఆమె కళ్లు తుడుచుకుని, శిఖరం వైపు కాకుండా దిగువకు, ఒర్రె వైపు చూస్తూ అంది.

"ఒక్క పని మంచిగైంది బిడ్డా. నీళ్లు ఏడికి పోయినయో కండ్లార చూసే పోయిండు. గా దుక్కం మనసుల పెట్టుకొని పోలే."

"అవునత్తా" అన్నాను.